గ్రంథాలయంలో కూర్చునేవాళ్ళు తమకు నచ్చిన పుస్తకాలు చెప్పొచ్చా? పర్లాకిమిడి నుంచి నా అనుభవం

ఒడిశాలోని మీ గుణుపురంలో కొత్తగా తెలుగు పుస్తకాల గది తెరిచామని, నాలుగొందల పుస్తకాలు పోగయ్యాయని రాశారు. వచ్చినవాళ్ళకి మీకు నచ్చిన పుస్తకాలూ సినిమాలూ పత్రికలూ చెప్పబోతే కమిటీలో ఒక పెద్దాయన "మన ఇష్టాలు జనం మీద రుద్దకూడదు, అడిగింది తీసి ఇస్తే చాలు" అన్నారట. చెప్పాలా వద్దా అన్నది మీ మొదటి ప్రశ్న. ఒడియా బళ్ళో చదివే మన పిల్లలకి తెలుగు అక్షరాలే రావు, వాళ్ళకేం ఇవ్వాలన్నది రెండోది.

చెప్పండి. తప్పకుండా చెప్పండి. పర్లాకిమిడిలో మా తెలుగు సంఘం గ్రంథాలయంలో పద్నాలుగేళ్ళుగా సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా కూర్చుంటున్నాను. రెండు గదులు, ఆరు బీరువాలు. ఇన్నేళ్ళలో పుస్తకం పేరు చెప్పి అడిగినవాళ్ళు చాలా తక్కువ. "ఏదైనా మంచి పుస్తకం ఉంటే ఇయ్యప్పా" అనేవాళ్ళే ఎక్కువ. పేరు తెలిస్తే కదా అడగడానికి! సరిహద్దుకి అవతల ఆంధ్రలో ఉన్న పాతపట్నం మాకు కూతవేటు దూరం. అక్కడి పిల్లకి బళ్ళో తెలుగు వాచకం ఉంటుంది, ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల గ్రంథాలయ సుంకంతో నడిచే శాఖా గ్రంథాలయాలు ఉంటాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి మన ఊళ్ళు ఇటు వచ్చాక ఇంట్లో తెలుగు మిగిలింది గానీ తెలుగు పుస్తకాల గురించి నలుగురూ మాట్లాడుకునే చోటు మిగల్లేదు. ఆ మాట చెప్పాల్సింది బల్ల వెనక కూర్చున్న మనమే.

మద్రాసు విశ్వవిద్యాలయం గ్రంథాలయం నడిపిన రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు రాశారు. వాటిలో రెండోది ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అందాలంటుంది, మూడోది ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు దొరకాలంటుంది. ఆయన మద్రాసులో కూర్చుని అది రాసేనాటికి మన గంజాం జిల్లా కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. మీ పెద్దాయనకి ఈ మాట చెప్పండి. అడిగింది తీసి ఇవ్వడంతో రెండో సూత్రంలో సగమే తీరుతుంది. మూడోదాని జోలికే పోం.

ఆయన భయంలో నిజం లేకపోలేదు. రుద్దడం అంటే ఏమిటో నేను నా తప్పు వల్లే తెలుసుకున్నాను.

మొదటి ఏడాది. మా వీధిలో బట్టలు కుట్టే ఒకావిడ వచ్చి మంచి పుస్తకం ఇమ్మంది. బహుమతి వచ్చిన ఒక పెద్ద నవల తీసి ఇచ్చాను, ఆరొందల పేజీలు. నిజం చెప్పాలంటే అందులో నేను వంద పేజీలు కూడా దాటలేదు. పేరున్న పుస్తకం కదా, గ్రంథాలయం అన్నాక ఇలాంటివే చెప్పాలి అనుకున్నాను. పదిహేను రోజులకి తిరిగి తెచ్చింది. పాడవకుండా న్యూస్ పేపరు అట్ట వేసి మరీ తెచ్చింది. "మా సదువుకి ఇది అందదప్పా" అని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ ఏడాది దాకా రాలేదు. పుస్తకం బాగాలేదని అనలేదు, నన్ను ఏమీ అనలేదు, తన చదువుని తక్కువ చేసుకుంది. ఆ మాట నా మనసులో ఇప్పటికీ ఉంది.

ఆ రోజు నుంచి ఒకటే నియమం. చివరి పేజీ దాకా చదివి, నిజంగా ఇష్టపడినదే చెప్తాను. మిగతావి బీరువాలో ఉంటాయి, అడిగితే ఇస్తాను.

ఏడాది తర్వాత పిల్లాడి పుస్తకం కోసం ఆవిడ వస్తే చా.సో. కథలు ఇచ్చాను. చాగంటి సోమయాజులు గారు శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో స్థిరపడ్డ మనిషి. ఆయన మాట ఆవిడ మాటకి దగ్గర. చిన్న కథలు, మిషను ఆపి టీ తాగే లోపు ఒకటి అయిపోతుంది. "వాయులీనం" దగ్గర చీటీ పెట్టి, ముందు ఇది చదవమన్నాను. భార్యకి జబ్బు చేసి ఇంట్లో ఫిడేలు అమ్ముకోవాల్సి వచ్చిన సంసారం కథ అది. మూడో రోజే వచ్చింది. కథ బాగుందని చెప్పలేదు, తన మొదటి కుట్టుమిషను అమ్ముకున్న సంగతి చెప్పింది. గంటసేపు. ఆ రోజు రిజిస్టరులో ఇంకెవరి పేరూ రాయలేదు నేను.

ఇక పద్ధతి. మాది చాలా సాదా పద్ధతి. పోస్టుకార్డులో సగం ఉండే అట్టముక్క మీద నాలుగు వాక్యాలు చేత్తో రాస్తాం, పుస్తకం లోంచి పైకి కనబడేలా పెడతాం. అలాంటివన్నీ రిజిస్టరు బల్ల పక్క అరలో ముఖం కనబడేటట్టు నిలబెడతాం. వెన్ను కనబడేలా పెడితే ఎవరూ తియ్యరు. చీటీ కింద రాసినవాళ్ళ పేరు ఉండాలి, ఇది ముఖ్యం. "గ్రంథాలయం సిఫార్సు" అని రాస్తే అది ఆజ్ఞలా ఉంటుంది. మనిషి పేరు ఉంటే కబురులా ఉంటుంది, ఒప్పుకోకపోతే ఆ మనిషితోనే వాదించొచ్చు. ఇంకొకటి, చీటీలో పొగడ్త ఒక్కటే రాయకండి. ఎక్కడ కష్టపడాలో కూడా రాయండి. "అమృత సంతానం"లో నేను పెట్టిన చీటీ ఇది:

"కొరాపుట్ కొండల్లోని కోదు గిరిజనుల కథ. గోపీనాథ్ మహాంతి ఒడియాలో రాశారు, 1955లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తెలుగు చేసింది మన సాలిహుండం మనిషి పురిపండా అప్పలస్వామి. పేర్లు మొదట తికమక పెడతాయి, ఆగకండి. సంతలో రోజూ చూసే మనుషులు ఇంట్లో ఎలా ఉంటారో ఇది చదివాకే నాకు తెలిసింది."

రాయగడ వైపు కొండ మీది బళ్ళో పనిచేసే ఒక మాస్టారు ఈ చీటీ చూసి పుస్తకం తీసుకెళ్ళారు. రెండు నెలలు అట్టేపెట్టుకున్నారు. జరిమానా అడగబోయి ఊరుకున్నాను, ఎందుకంటే తిరిగి తెచ్చినప్పుడు ఆయన ఒక్కరే రాలేదు, ఇద్దరు తోటి మాస్టర్లని వెంటబెట్టుకొచ్చారు.

మన ప్రాంతంలో ఒడియా నుంచి తెలుగులోకి వచ్చిన పుస్తకాలకి ప్రత్యేకంగా ఒక అర పెట్టమని నా మనవి. ఒడియా మిత్రులతో మాట్లాడటానికి మనకి అంతకన్నా మంచి దారి లేదు. పాత "విపుల" సంచికలు ఎవరింట్లోనైనా ఉంటే అడిగి తెచ్చుకోండి. ఇతర భాషల కథలు తెలుగులో వేసిన పత్రిక అది. పాత పత్రికలు తూకానికి వేసేవాళ్ళు మన వీధుల్లో చాలామంది, వాళ్ళని ఒక్క మాట అడిగితే చాలు.

నాతోపాటు ఇంకొకాయన కూర్చుంటారు, రైల్వేలో పనిచేసి రిటైరయిన పెద్దమనిషి. ఆయనకి డిటెక్టివ్ నవలలూ పాత సినిమా పత్రికలూ ప్రాణం. ఆయన చీటీలకే గిరాకీ ఎక్కువ. మొదట్లో నాకు కొంచెం కష్టంగా ఉండేది, తర్వాత అర్థమయింది. ఇద్దరి రుచులు వేరైతేనే రుద్దడం అనే మాట రాదు. మీ పెద్దాయన చేత కూడా రెండు చీటీలు రాయించండి. పార్టీల పుస్తకాలకీ స్వాముల పుస్తకాలకీ మాత్రం చీటీ పెట్టం, అడిగితే ఇస్తాం. తిరిగి తెచ్చినప్పుడు "చదివారా?" అని అడగం. నచ్చితే వాళ్ళే చెప్తారు, నచ్చకపోతే ఆ ప్రశ్న వాళ్ళకి ఇబ్బంది.

సినిమా సంగతి. మేము సినిమాని పుస్తకంతో జత చేసి చెప్తాం. అన్నిటికన్నా బాగా కలిసొచ్చిన జత "కన్యాశుల్కం". గురజాడ నాటకం 1897లో మొదట అచ్చయింది, పెంచి రాసినది 1909లో వచ్చింది. సినిమా 1955లో వచ్చింది, ఎన్టీ రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి. ముందు సినిమా చూసి రమ్మంటాం, తర్వాత ఆదివారం నాడు నాటకంలో ఒక అంకం పైకి చదువుతాం. తెలుగు అక్షరాలు రానివాళ్ళు కూడా వచ్చి కూర్చుంటారు, అదే దీని బలం. విజయనగరం మాట మన ఇళ్ళలో మాటే. ఒక ఆదివారం ఎనభై దాటిన ఒక మామ్మ గారు "అచ్చం మా మావగారు మాటాడినట్టే ఉందే" అని కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఆ పూట గిడుగు రామమూర్తి గారి మాట కూడా చెప్తాను. గురజాడా ఆయనా విజయనగరంలో కలిసి చదువుకున్నారు. తర్వాత గిడుగు మా పర్లాకిమిడిలోనే ఏళ్ళ తరబడి పాఠాలు చెప్తూ సవర గిరిజనుల భాష నేర్చుకుని దానికి నిఘంటువు రాశారు. మనుషులు మాట్లాడే భాషలోనే రాయాలని పోరాడారు. ఆ పోరాటం మా వీధుల్లోంచే మొదలైందని తెలిస్తే కుర్రాళ్ళు నిటారుగా కూర్చుంటారు.

ఇప్పుడు పిల్లలు. మీ రెండో ప్రశ్నే నాకు దగ్గరిది.

ఎనిమిదేళ్ళ కిందట ఒక గుంటడు మామ్మతో వచ్చేవాడు. ఒడియా బడి, నాలుగో తరగతి. తెలుగు గడగడా మాట్లాడతాడు, ఒక్క అక్షరం రాదు. మామ్మకి తెలుగు చదవడం వచ్చు గానీ చూపు ఆనదు. ఇద్దరూ తెలుగు పుస్తకాల మధ్య కూర్చుని అట్టల మీది బొమ్మలు చూసి వెళ్ళిపోయేవారు. ఆ రోజుల్లోనే ఒక రిటైర్డు మాస్టారి ఇంటి నుంచి రెండు గోతాల పాత పత్రికలు వచ్చాయి. ఒక గోతంలో "చందమామ"లు, రెండోదాంట్లో ఒడియా "జహ్నమామూ"లు. చందమామ 1947 జులైలో తెలుగులో, తమిళంలో మొదలై తర్వాత ఇతర భాషల్లోకి వెళ్ళింది, ఒడియాలో దాని పేరు జహ్నమామూ. నేల మీద పరిచి బొమ్మల్ని బట్టి జతలు కలిపాం, పేకముక్కలు కలిపినట్టు. అట్ట మీద వడ్డాది పాపయ్య గారి బొమ్మ ఉంటే పని తేలిక. ఆయన శ్రీకాకుళంలోనే పుట్టారు, ఆ రంగులు దూరం నుంచే తెలిసిపోతాయి.

వాడికి జత ఇచ్చాను. వాడు ఒడియాలో చదివి మామ్మకి తెలుగులో చెప్పేవాడు. వారం తర్వాత తెలుగు ప్రతి పక్కన పెట్టుకుని పోల్చడం మొదలెట్టాడు. బేతాళ కథ మొదటి వాక్యం ప్రతి నెలా ఒకటే కదా, వాడు ముందు ఆ వాక్యాన్ని పట్టుకున్నాడు. ఏ అక్షరం ఏమిటో దాంట్లోంచే తీశాడు. "ఇది మా ఠ లాగే ఉందప్పా, మధ్యలో చుక్క ఎందుకు?" అన్నాడు. నిజమే, ఒడియా ఠ వట్టి సున్నా. వాళ్ళ అక్షరాలకి నెత్తిన గొడుగు, మన అక్షరాలకి తలకట్టు. ఆ గొడుగు తీసి తలకట్టు పెట్టడం వాడికి ఆటలా అయింది. మొదట్లో "కమల" అని ఉంటే "కొమొలొ" అని చదివేవాడు, ఒడియాలో అకారం పలుకు అంతే. మామ్మ నవ్వుతూ సరిదిద్దేది. ఎక్కువ ఇబ్బంది పెట్టినవి ఎ, ఏ, ఒ, ఓ. ఒడియాలో ఆ పొట్టి పొడుగు తేడా లేదు. మీ పిల్లలు కూడా అక్కడే ఆగుతారు, కంగారు పడకండి, తిట్టకండి.

అయిదు నెలలు పట్టింది. వాడికి అక్షరాలు నేర్పింది నేను కాదు, నాకు నచ్చిన పత్రిక వాడి చేతిలో పెట్టాను, అంతే. ఆ తర్వాత వాడు తనంతట తనే ఒక చీటీ రాసి ఒక చందమామలో పెట్టాడు: "నెను ఇది మూడు సార్లు చదివాను. రాక్షసుడు మంచివాడు." "నెను"ని నేను దిద్దలేదు. ఇప్పటికీ ఆ సంచిక తీసుకెళ్ళే పిల్లలు ముందు ఆ చీటీయే చదువుతారు.

కాబట్టి పిల్లాడు వస్తే ఏం చదువుతావని అడిగేముందు ఏ అక్షరాలు వచ్చని అడగండి. మీ నాలుగొందల్లో పిల్లలవి ఎన్నో రాయలేదు మీరు. మా దగ్గర చందమామ, జహ్నమామూ జతలు తొమ్మిది అదనంగా ఉన్నాయి, కొన్నిటికి అట్టలు లేవు, కథలు మాత్రం పూర్తిగా ఉన్నాయి. గుణుపురం రైలు మా ఊరి మీదుగానే వెళ్తుంది. ఏదో ఒక సాయంత్రం మీ వాళ్ళెవరైనా దిగితే కట్టి ఇచ్చి పంపుతాను. వచ్చేటప్పుడు మీరు రాసిన మొదటి చీటీ ఒకటి పట్టుకురమ్మనండి, ఆ పుస్తకం మా దగ్గర లేకపోతే తెప్పించుకుంటాం.