బొమ్మ విప్పి మళ్లీ కుట్టే అమ్మాయికి ఏ కోర్సు?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా అమ్మాయి ప్లస్ టూ ఆర్ట్స్ పాసైంది. టైలర్ల దగ్గర మిగిలిన గుడ్డముక్కలు తెచ్చి ఏనుగులు, కుందేళ్లు కుడుతుంది. తెలిసినవాళ్లు కొంటున్నారు కూడా. కాకపోతే కుట్టిన బొమ్మనే విప్పేసి, కాగితం మీద మళ్లీ గీసి, మళ్లీ కత్తిరిస్తూ పూటలు గడిపేస్తుంది. ఇదే చదువుకుంటానంటోంది. వాళ్ల నాన్నగారు బీఎడ్ చేయిద్దామంటున్నారు. బరంపురంలో ఒక ప్రైవేటు సంస్థ ఏడాది ఫ్యాషన్ డిప్లొమా ఇస్తామంటోంది. చేర్చమంటారా?

జవాబు: అమ్మా, విప్పి మళ్లీ గీస్తుందని మీరు విసుక్కుంటూ రాశారు. నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో ఆ మాటే నచ్చింది. బొమ్మలు కుట్టేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. కుట్టాక తల ఎందుకు వాలిందో కాగితం దగ్గరికి వెళ్లి వెతికేవాళ్లు అరుదు. గార్మెంట్ ఫ్యాక్టరీల్లో ఈ పని చేసేవారిని ప్యాటర్న్ మాస్టర్ అంటారు. మిషన్ మీద కూర్చునేవారి కంటే ఆయన జీతమూ, మర్యాదా రెండూ ఎక్కువే.

అమ్మాయి ఎంతవరకు వచ్చిందో తెలియాలంటే బంతి కుట్టమనండి. రెండు గుండ్రటి ముక్కలు కలిపి కుట్టి దూది కూరితే బంతి రాదు, అంచులు ముడతలు పడ్డ దిండు వస్తుంది. చుట్టుకొలత 30 సెంటీమీటర్లుండే బంతికి ఆకు ఆకారంలో ఆరు ముక్కలు కావాలి. ఒక్కోటి 15 సెంటీమీటర్ల పొడవు, నడుమ 5 సెంటీమీటర్ల వెడల్పు, కుట్టుకు చుట్టూ అర సెంటీమీటరు అదనం. ఈ లెక్క ఎవరూ చెప్పకుండా తనే కట్టగలిగితే ఇక సందేహం అక్కర్లేదు. కట్టలేకపోయినా కంగారు లేదు, ఇది నేర్పితే వచ్చేదే.

ఏనుగు ఇంకాస్త చిక్కు. పక్క ముక్కలు రెండూ కుట్టేస్తే బల్లపరుపు ఏనుగే. నిలబడాలంటే పొట్ట కింద ఒక ముక్క, తల నిండుగా రావాలంటే నుదుటి నుంచి మెడ వెనక దాకా మధ్యలో ఇంకో ముక్క వేయాలి. కాళ్లు పక్కలకు చాపుకుపోతుంటే పొట్ట ముక్క వెడల్పు ఎక్కువైనట్టే. తల వాలితే మెడ సన్నమై ఉంటుంది, లేదా అక్కడ దూది బిగువుగా పడి ఉండదు. కలిపి కుట్టే రెండు అంచుల పొడవూ సరిపోతోందా అన్నది కుట్టుగీత మీద టేపు పెట్టి కొలవాలి, కత్తిరించిన అంచు మీద కాదు. కొత్తవాళ్లు తప్పేది ఎక్కువగా ఇక్కడే. గుడ్డ సంగతి కూడా చూడాలి. అదే కాగితం పెట్టి టీషర్టు గుడ్డతో కుడితే సాగి బొమ్మ లావెక్కుతుంది. అందుకే ముందు మార్కిన్ (చలవ చేయని ముతక నూలు) గుడ్డతో నమూనా కుట్టి, ఒకసారికి ఒక్క మార్పే చేసి, ప్రతి కాగితం మీదా తేదీ, ఏం మార్చిందో రాసి దాచమనండి. పాతవి పారేయొద్దు. రేపు ఇంటర్వ్యూలో చూపించాల్సింది ఆ కాగితాలనే.

ఇక చదువు. ప్లస్ టూలో ఏ గ్రూపు వాళ్లైనా కేంద్ర ప్రభుత్వ ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్‌లో బీడిజైన్‌కు ప్రవేశపరీక్ష రాయొచ్చు. భువనేశ్వర్‌లోనే క్యాంపస్ ఉంది. ఆ ప్రవేశపరీక్షలో సిచ్యుయేషన్ టెస్ట్ అని ఒక దశ ఉంది. చేతికిచ్చిన వస్తువులతో అక్కడికక్కడే ఏదో ఒకటి తయారు చేయాలి. మీ అమ్మాయికి అది ఆటే. ఇబ్బందల్లా రాతపరీక్ష ఇంగ్లిష్, హిందీల్లో ఉండటమే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అయితే ఇంగ్లిష్ మీద ఇప్పటి నుంచే కూర్చోవాలి. ఫీజు నాలుగేళ్లకు లక్షల్లో అవుతుంది. కుటుంబ ఆదాయాన్ని బట్టి రాయితీ ఉంది, అడగండి. పైచదువుకు జాతీయ డిజైన్ విద్యాసంస్థ ఎన్‌ఐడీ గాంధీనగర్ క్యాంపస్‌లో బొమ్మలు, ఆటల డిజైన్‌లోనే ఎండిజైన్ ఉంది.

అంత ఖర్చు వద్దనుకుంటే ప్రభుత్వ ఐటీఐలో సూయింగ్ టెక్నాలజీ ఏడాది కోర్సు చేస్తూ, దూరవిద్యలో డిగ్రీ కట్టించండి. మామూలు బీఎడ్‌కైనా ముందు డిగ్రీ ఉండాల్సిందే కదా. వాళ్ల నాన్నగారి మాటా పోదు. ఆ ప్రైవేటు డిప్లొమా విషయంలో నా అభిప్రాయం అడిగితే, వద్దు. పేపర్ డ్రాఫ్టింగ్ (ముక్కల కొలతలు కాగితం మీద గీయడం) వారానికి ఎన్ని గంటలు నేర్పుతారు, సర్టిఫికెట్‌కు వృత్తి శిక్షణను పర్యవేక్షించే కేంద్ర సంస్థ ఎన్‌సీవీఈటీ గుర్తింపు ఉందా అని ఒకసారి అడిగి చూడండి, మీకే తెలిసిపోతుంది.

అమ్మకాల గురించి ఒక హెచ్చరిక. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి. కేంద్ర హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు తాము చేసి అమ్మే వాటికి మినహాయింపు ఉంది. మీ ఊళ్లో కొమ్ముతో బొమ్మలు చేసే కుటుంబాలను అడిగితే ఆ నమోదు సంగతి వాళ్లకు తెలిసి ఉండొచ్చు. పసిపిల్లల బొమ్మలకు గుండీ కళ్లు పెట్టొద్దు, ఊడితే నోట్లో పెట్టుకుంటారు, దారంతో కుట్టమనండి. టీవీ కార్టూన్ల బొమ్మలు ఎంత అమ్ముడుపోయినా అనుమతి లేకుండా చేయకూడదు. తన సొంత ఏనుగు బాగా కుదిరి పెద్దఎత్తున చేయాలనుకుంటే 2000 నాటి డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు. పదేళ్లు రక్షణ, మరో ఐదేళ్లు పొడిగింపు. కాకపోతే బయటికి చూపించకముందే దరఖాస్తు పెట్టాలి. ఫోన్ స్టేటస్‌లో పెట్టేశాక కొత్తదనం పోయిందంటారు.

డిప్లొమాకు కడదామనుకున్న డబ్బులో కొంత తీసి నాలుగు మీటర్ల మార్కిన్, ఒక సంచి రెక్రాన్ (పాలిస్టర్) దూది, రెండు కత్తెరలు కొనివ్వండి. ఒకటి గుడ్డకే, కాగితానికి రెండోది. గుడ్డ కత్తెరతో కాగితం కోస్తే మొద్దుబారుతుంది.