గలగలా మాట్లాడితే వ్యాఖ్యాత అవుతారా? రిచీ బెనో దగ్గర నేను నేర్చుకున్నది

"గొంతు బాగుంటుంది, ఆగకుండా మాట్లాడగలను, టీవీలో క్రికెట్ వ్యాఖ్యానానికి ఇంకేమి కావాలి?" అని మీలో ఒకరు అడిగారు. ఆ ఆగకుండా మాట్లాడటం దగ్గరే నేను దెబ్బతిన్నాను కాబట్టి అక్కడినుంచే చెబుతాను.

సంక్రాంతికి మా మండలంలో జరిగే క్రికెట్ పోటీలను స్థానిక కేబుల్‌లో ప్రసారం చేసేవారు. మూడేళ్లు వాటికి తెలుగులో వ్యాఖ్యానం చెప్పాను. మొదటి ఏడాది ఫైనల్ చివరి ఓవర్లో లాంగాన్‌లో ఉన్న ఒక కుర్రాడు తేలికైన క్యాచ్ వదిలేశాడు. తరువాత ఇంట్లో ఆ రికార్డింగు చూసుకున్నాను. ఆ పిల్లవాడు మోకాళ్ల మీద కూలబడి తన అరచేతులు చూసుకుంటున్నాడు. కింద పడ్డ టోపీని కెప్టెన్ తీసి, దుమ్ము దులిపి, అతని తలమీద పెట్టి లేవదీశాడు. కెమెరా పట్టుకున్నాయన ఎంత ఓపికగా తీశాడో! ఆ దృశ్యం పొడుగునా నా గొంతు మోగుతూనే ఉంది: "ఘోరం, మహా విషాదం, జట్టును ముంచేశాడు!" ఆ అబ్బాయి తల్లిదండ్రులు కూడా ఇది విని ఉంటారని తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఆ తరువాతే పేరున్న క్రికెట్ వ్యాఖ్యాత రిచీ బెనో వ్యాఖ్యానాన్ని వెతుక్కుని వినడం మొదలుపెట్టాను. ఆస్ట్రేలియా కెప్టెన్ కాబట్టి ఆయనకు మైకు సులువుగా దొరికిందని చాలామంది అనుకుంటారు. 63 టెస్టులు, 248 వికెట్లు, ఒక్క సిరీస్ కూడా ఓడని కెప్టెన్సీ, పేరుకు కొదవలేదు. కానీ కెప్టెన్ కావడానికి ముందే, 1956లో ఇంగ్లండ్ పర్యటన ముగిశాక, ఆయన లండన్‌లో ఉండి బీబీసీలో టీవీ శిక్షణ తీసుకున్నారు. గుర్రప్పందేలు చెప్పే పీటర్ ఓసలివన్, గోల్ఫ్ చెప్పే హెన్రీ లాంగ్‌హర్స్ట్, టెన్నిస్ చెప్పే డాన్ మాస్కెల్ పనితీరును శ్రద్ధగా గమనించారు. సిడ్నీలో పోలీసు వార్తలు రాసే విలేకరిగానూ పనిచేశారు. 1963 నుంచి ఇంగ్లండ్‌లో టీవీ వ్యాఖ్యానం, 1977 నుంచి ఆస్ట్రేలియాలో ఛానల్ నైన్. ఇంత సుదీర్ఘమైన ప్రయాణానికి పునాది ఆ శిక్షణేనని నా నమ్మకం.

తెరమీద కనబడుతున్నదానికి అదనంగా ఏదైనా చేర్చగలిగితేనే నోరు తెరవాలన్నది ఆయన నియమం. ఏ జట్టు గురించీ 'మనం' అనకూడదనేవారు. నన్ను గుచ్చుకున్నది మరొకటి: టైటానిక్ మునగడం విషాదం, ఇథియోపియా కరువు మహా విపత్తు, జారవిడిచిన క్యాచ్‌కు ఆ మాటలు వాడకండి అని కొత్తవాళ్లకు చెప్పారు. నేను వాడింది సరిగ్గా ఆ మాటే.

అలాగని ఆయన మౌనం భయంతో వచ్చింది కాదు. 1981 ఫిబ్రవరి 1న మెల్‌బోర్న్‌లో చివరి బంతికి న్యూజీలాండ్‌కు మ్యాచ్ సమం చేయడానికి ఆరు పరుగులు కావాలి. సిక్సర్ కొట్టే వీలు లేకుండా గ్రెగ్ చాపెల్ తన తమ్ముడు ట్రెవర్ చేత బంతిని నేలమీద దొర్లించాడు. ఆస్ట్రేలియా ఛానల్‌లో కూర్చుని, ఆస్ట్రేలియా కెప్టెన్ చేసిన పనిని సిగ్గుచేటని బెనో సూటిగా అన్నారు. ఊరికే అరిచేవాడు ఆ మాట అంటే ఎవరు పట్టించుకుంటారు? తక్కువ మాట్లాడే మనిషి కాబట్టే అది తూటాలా తగిలింది.

2005 సెప్టెంబరులో ఓవల్ టెస్టు చివరి రోజును మాత్రం తప్పక చూడండి. ఇంగ్లండ్‌లో ఆయన వ్యాఖ్యానానికి అదే ఆఖరు. అన్నేళ్లుగా తమ ఇళ్లలోకి రానిచ్చిన ప్రేక్షకులకు కృతజ్ఞతలు చెబుతూ, ఎంతో సరదాగా గడిచిందని అంటుండగానే ఆస్ట్రేలియా బౌలర్ మెగ్రాత్ బంతికి ఇంగ్లండ్ బ్యాట్స్‌మన్ పీటర్సన్ 158 పరుగుల వద్ద బౌల్డయ్యాడు. బెనో గొంతు తడబడలేదు. బ్యాట్స్‌మన్‌కు మాత్రం సరదాగా లేదంటూ అదే ఊపిరిలో వికెట్ సంగతికి వచ్చారు. సొంత వీడ్కోలును పక్కనపెట్టి బంతి గురించి చెప్పిన ఆ క్షణం నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

మీరు చేయవలసిన పని ఒకటుంది. ఏదైనా మ్యాచ్ శబ్దం ఆపేసి, పది ఓవర్లకు వ్యాఖ్యానం చెప్పి ఫోనులో రికార్డు చేసుకోండి. మర్నాడు ఆ ఓవర్లనే చూస్తూ వినండి. చెప్పినదంతా కాగితం మీద రాసి, తెర ఎలాగూ చూపించేసిన ప్రతి మాటనూ కొట్టేయండి. నేను మొదటిసారి చేసినప్పుడు మిగిలింది అరపేజీ కూడా లేదు. మూడో ఏడాది ఫైనల్లో గెలుపు పరుగు తీశాక, "గెలిచారు" అని ఒక్క మాట చెప్పి మైకు పక్కన పెట్టాను. కుర్రాళ్లు ఒకరినొకరు ఎత్తుకుంటున్నారు, వెనకనుంచి డప్పులు వినబడుతున్నాయి.