గార్టర్ పాముల వాళ్ల భాషలో "హెట్" ఒక్కటి అర్థమైతే మిగతావన్నీ తేలిక

ప్రశ్న: గార్టర్ పాముల్ని పెంచి అమ్మేవాళ్లు ప్రకటనల్లో హెట్, మార్ఫ్, 1.2, సీబీ అని రాస్తుంటారు. ఇవన్నీ ఎలా అర్థం చేసుకోవాలి?

విశాఖపట్నంలో ఇరవై రెండేళ్లుగా ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతున్నాను. మా ఇంట్లో పాము లేదు. మన దేశపు పాముల్ని ఇంట్లో పెంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. అయితే అమెరికాలో ఒహాయోలో ఉండే మా తమ్ముడి కొడుకు, అక్కడ దొరికే చారల పాములైన గార్టర్ పాముల్ని నాలుగేళ్లుగా పెంచుతున్నాడు. వాడు ఏ పాము కొనాలన్నా ఆ ప్రకటన ముందు నా వాట్సాప్‌కి వస్తుంది. అందుకే ఈ ప్రశ్న చూడగానే జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

చిన్న మాటలు ముందు చెప్పేస్తాను. మార్ఫ్ అంటే ఆల్బినో లాంటి, మామూలు పాముకి ఉండని రంగు రకం. 1.2 అని ఉంటే ఒక మగది, రెండు ఆడవి. 1.2.5 అని ఉంటే, ఆడో మగో ఇంకా చూడని పిల్లలు మరో ఐదు ఉన్నాయని. సీబీ అంటే మనుషుల దగ్గర పుట్టినది, డబ్ల్యూసీ అంటే అడవిలో పట్టుకొచ్చినది. డబ్ల్యూసీ పాముకి కడుపులో పురుగులుండే అవకాశం ఎక్కువ, అడవికీ నష్టమే, అందుకని అది వద్దని మావాడికి గట్టిగా చెప్పాను. "బ్లూలో ఉంది" అంటే కుబుసం విడిచే ముందు కళ్లు పాలనీలంగా మసకబారాయని, అప్పుడు దాని జోలికి పోకూడదు. పింకీ అంటే వెంట్రుకలు రాని ఎలుకపిల్ల. వానపాములకీ చేపలకీ అలవాటుపడ్డ గార్టర్ పిల్ల ఎలుకపిల్లను ముట్టకపోతే, ఆ పింకీకి చేప వాసన పట్టించి పెడతారు. దాన్నే సెంటింగ్ అంటారు. చేపలంటే గుర్తొచ్చింది, గోల్డ్‌ఫిష్ మాత్రం రోజూ పెట్టకూడదు. అందులో ఉండే థయామినేజ్ అనే ఎంజైమ్ బీ1 విటమిన్‌ని పాడుచేస్తుంది, పాముకి వణుకూ మూర్ఛలూ వస్తాయి. అమ్మేవాళ్లు చాలామంది ఈ ముక్క చెప్పరు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఇక హెట్. మనిషిని ముంచే మాట ఇదే. హెట్ అంటే హెటెరోజైగస్, మన పాఠంలోని విషమయుగ్మజం. పాము ఆల్బినో కావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ఆల్బినో జన్యువులు రావాలి. ఒక్కటే వచ్చిన పాము హెట్. అది చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, ఆ జన్యువుని పిల్లలకి మాత్రం ఇవ్వగలదు.

మావాడి దగ్గర ఒక ఆల్బినో చెకర్డ్ గార్టర్ మగది ఉంది. ఎర్రకళ్లు, ఒళ్లంతా లేత పసుపు. దానికి జతగా ఓ నవంబరులో ఒక పెద్ద ఆడదాన్ని కొన్నాడు. ప్రకటనలో "0.1 సీబీ, 66 శాతం హెట్ ఆల్బినో" అని ఉంది. చూడ్డానికి మామూలు పామే, ధర మాత్రం మామూలుది కాదు. చలికాలమంతా చల్లగా ఉంచి నిద్రపుచ్చాడు (దీన్నే బ్రూమేషన్ అంటారు), మార్చిలో జత కట్టించాడు. జులైలో ఒకరోజు పొద్దున్న ఐదున్నరకి ఫోన్ మోగింది. వాళ్లకి అప్పుడు రాత్రి ఎనిమిది. "అత్తా, మొదలైంది, వీడియో ఆన్ చెయ్యి" అన్నాడు.

మా అమ్మ అప్పటికే లేచి కాఫీ తాగుతోంది. ఇద్దరం వరండాలో కూర్చుని చూశాం. "పాము పిల్లల్ని కనడమేంటే, గుడ్లు కదా పెట్టేది?" అంది అమ్మ. మన రక్తపింజరి కూడా పిల్లల్నే కంటుందమ్మా అంటే నమ్మలేదు. ఒక్కో పిల్లా పల్చటి తిత్తిలో చుట్టుకుని బయటికొస్తుంది. అది చిట్లగానే సేమియా పోగంత తల బయటపెట్టి నాలుక ఆడిస్తుంది. అమ్మ వేళ్ల మీద లెక్కపెడుతూ పోయింది. పద్నాలుగు. ఆఖర్న రెండు పసుపు ముద్దలు వచ్చాయి, ఫలదీకరణం కాని గుడ్లు. వాటిని స్లగ్స్ అంటారు.

పద్నాలుగింటికీ నల్లకళ్లే.

వాడి మొహం వాడిపోయింది. "మోసం అత్తా. అరవై ఆరు శాతం ఆల్బినో అని అమ్మాడు. తొమ్మిది పిల్లలైనా రావాలి కదా" అన్నాడు. సాఫ్ట్‌వేర్ చదివినవాడు, లెక్కల్లో దిట్ట, అయినా అలా అనుకున్నాడు. నాకు కాలేజీలో నా పిల్లలు గుర్తొచ్చారు. 3:1 అని ఎర్రసిరాతో అండర్‌లైన్ చేస్తారు, విషమయుగ్మజం అని తప్పులేకుండా రాస్తారు. నాలుగు బఠాణీ మొక్కలు నాటితే ఒకటి ఖాయంగా పొట్టిది రావాలా అని అడిగితే మాత్రం క్లాసంతా అవునంటుంది. పరీక్ష పేపర్లో నిష్పత్తి అడుగుతారు, అది దేని నిష్పత్తో ఎవరూ అడగరు. ఈ లోపం మా దగ్గరే ఉంది, మేం పాఠం చెప్పే తీరులోనే ఉంది.

ఆ 66 శాతం పాము ఒంట్లో ఉండే కొలత కాదు, దాని పుట్టుక గురించిన అంచనా. రెండు హెట్ పాముల్ని జత కడితే సగటున నాలుగింట ఒకటి ఆల్బినో, రెండు హెట్, ఒకటి ఆల్బినో జన్యువే లేనిది పుడతాయి. ఆల్బినో కంటికి తెలిసిపోతుంది. మామూలుగా కనబడే మిగతా మూడింటిలో రెండు హెట్, కానీ ఏ రెండో చూసి చెప్పలేం. అందుకే ఆ మూడింటి మీదా 66 శాతం హెట్ అని రాస్తారు. ఒక పాము హెట్ అయితే పూర్తిగా హెట్టే, కాకపోతే అసలే కాదు. మూడింట ఒకటి వట్టిపోతుందని అమ్మినాయన నిజమే రాశాడు. మనవాడే వేరేలా చదివాడు.

తల్లి నిజంగా హెట్ అయ్యుంటే ఆల్బినో తండ్రితో కన్న ప్రతి పిల్లా ఆల్బినో కావడానికి సగం అవకాశం. పద్నాలుగింటిలో ఒక్కటీ కాకపోవడం 16,384 సార్లలో ఒక్కసారి జరిగే సంగతి. కాబట్టి తల్లి హెట్ కాదు. అది తేలగానే వాడికి హుషారొచ్చింది. తండ్రి ఆల్బినో గనక ప్రతి పిల్లకీ ఒక ఆల్బినో జన్యువు వచ్చే ఉంటుంది, అంటే పద్నాలుగూ 100 శాతం హెట్. వెంటనే ప్రకటన రాసి నాకు పంపాడు.

నేను ఒప్పుకోలేదు. ఆ ఆడదాన్ని పెద్దయ్యాక కొన్నాడు. గార్టర్ ఆడపాము శరత్కాలంలో కలిసిన మగదాని వీర్యాన్ని ఒంట్లో దాచుకుని మర్నాటి వేసవికి పిల్లల్ని కనగలదు. ఒకే కాన్పులో ఇద్దరు తండ్రుల పిల్లలు కూడా ఉండొచ్చు. అమ్మినాయన దగ్గర అది ఏ మగదానితో కలిసిందో మనకేం తెలుసు? పద్నాలుగూ ఆ మగదాని పిల్లలే అయితే ఒక్కటీ హెట్ కాకపోవచ్చు. అప్పుడు తల్లి హెట్ కాదన్న నా లెక్కా చెల్లదు. వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అమ్మినాయన్ని అడిగాడు. సెప్టెంబరు దాకా ఆయన వేరే మగదానితో కలిపే ఉంచాడట, అది మామూలు పాము. దాన్ని ప్రకటనలో రాయలేదేమని అడిగితే, ఎవరూ అడగలేదన్నాడట.

అందుకే ప్రశ్న అడిగిన మీకు నేను చెప్పేది ఒకటే. మార్ఫ్ అన్నది కంటికి కనబడుతుంది, దాంట్లో మోసపోయేది తక్కువ. హెట్ కనబడదు, అమ్మేవాడి మాట మీదే ఆధారపడాలి. తల్లెవరు, తండ్రెవరు, తల్లి అంతకుముందు ఎవరితో ఉంది, ఈ మూడూ అడగండి. సమాధానం లేకపోతే అది మామూలు పామే అనుకుని మామూలు ధరకే కొనండి. డబుల్ హెట్ (రెండు రంగుల జన్యువుల్నీ ఒక్కొక్కటి చొప్పున దాచుకున్నది) అని ఎక్కువ ధర చెప్పే చోట ఇంకా నిలదీయాలి. ఆల్బినో, ఎరుపు లేని అనెరీ, ఈ రెండూ కలిసిన తెల్లటి స్నో పిల్ల కోసం రెండు డబుల్ హెట్లను కలిపితే, అవి నిజంగా డబుల్ హెట్లే అయినా పదహారింట ఒకటే వస్తుంది.

ఇంకో బాధ కూడా చెప్పాలి. ఆ రోజు వీడియోలో పిల్లల్ని చూసి అమ్మ "ముద్దుగా ఉన్నాయే" అంది. అదే వారం వాన పడ్డాక మధురవాడలో మా చెల్లెలి వాళ్ల అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి ఒక పాము వచ్చింది. వీపు మీద రెండు పసుపు చారలు, మూరెడు పొడవు, విషం లేదు, కప్పల కోసం తిరిగేది. నేను వెళ్లేసరికి వాచ్‌మన్ కర్రతో కొట్టేశాడు. గార్టర్ పాముకీ దానికీ దగ్గరి చుట్టరికం, రెండూ ఒకే ఉపకుటుంబం, చారలు కూడా ఒకేలా ఉంటాయి. కంబాలకొండ అడవి పక్కనే ఇళ్లు కట్టుకుని పాము వచ్చిందని ఆశ్చర్యపోవడమేంటి? ఒక్క ఫోన్ చేస్తే పాములు పట్టేవాళ్లు వచ్చి తీసుకెళ్లి వదిలేస్తారు. వాచ్‌మన్‌కీ చెప్పాను, అసోసియేషన్ మీటింగ్‌లోనూ చెప్పాను, ప్రతి వానాకాలం చెబుతూనే ఉన్నాను.

మావాడు ప్రకటన మార్చాడు. "తండ్రి ఆల్బినో కావచ్చు, తల్లి అంతకుముందు మామూలు మగదానితో ఉంది, హెట్ అని హామీ లేదు" అని రాసి మామూలు ధరకే పది పిల్లల్ని ఇచ్చేశాడు. నాలుగు ఉంచుకున్నాడు, 2.2. ఆడవి రెండూ పెద్దవవడానికి ఇంకో రెండేళ్లు పడుతుంది. వాటిని చిన్నప్పట్నుంచీ విడి పెట్టెల్లో, మగవాటికి దూరంగా పెంచుతున్నాడు. పెట్టెల మీద పుట్టిన తేదీ రాశాడు, హెట్ అని మాత్రం రాయలేదు.