1925 దస్తావేజులో గంజాం జిల్లా, బరంపురంలో మాత్రం రికార్డు లేదు: సమాధానం

మీ తాతగారి 1925 దస్తావేజులో గంజాం జిల్లా అని ఉన్నా, బరంపురం (ఒడిశాలోని గంజాం జిల్లా) ఆఫీసులో రికార్డు ఎందుకు లేదని అడిగారు. మీ తాతగారి ఊరు ఇప్పటి గంజాంలో లేకపోవచ్చు. అందుకే అక్కడ దొరకకపోయి ఉండొచ్చు.

1. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనిది. శ్రీకాకుళం కూడా అప్పట్లో గంజాం జిల్లాలోనే.

2. చాలామంది వదిలేసేది ఇదే: దస్తావేజులో జిల్లా కాదు, తాలూకా చదవండి. టెక్కలి, సోంపేట అయితే 1936లో విశాఖపట్నం జిల్లాకు వెళ్లాయి, 1950 నుంచి శ్రీకాకుళం జిల్లా. అక్కడ అడగండి. పర్లాకిమిడి అయితే ఇంకా జాగ్రత్త. ఆ జమీందారీ ఎస్టేటే రెండుగా చీలింది: పట్టణం ఒడిశాకు (1992 నుంచి గజపతి జిల్లా), పాతపట్నం వైపు ఊళ్లు ఆంధ్రకు. అక్కడ పక్క ఊరి పేరు కూడా చూసుకోవాలి.

3. బరంపురం తాలూకా అని ఉంటే మాత్రం బరంపురం ఆఫీసులోనే మళ్లీ అడగండి, టెన్షన్ వద్దు.