సంస్థల మీద నమ్మకం మన రోజువారీ జీవితాన్ని ఎలా మారుస్తుంది?

నమ్మకం ఉన్నచోట ఆలోచించకుండా కుళాయి తిప్పి తాగేస్తాం. అది పోతే ప్రతి చిన్న పనికీ ఆరా, ఖర్చు, టెన్షన్.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు ఊళ్లలో దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు ఉంది. ఎన్నో బృందాలు వచ్చి రక్తం, నీళ్లు, మట్టి పరీక్షలకు పట్టుకెళ్లాయి. కచ్చితమైన కారణం మాత్రం తేలలేదు. జవాబు రాకపోతే జనం తామే వెతుక్కుంటారు. నీటిని అనుమానించి కూలి డబ్బుల్లోంచి క్యాన్లు కొన్నారు. జబ్బు బయటపడుతుందని, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్షకు వెనకాడేవాళ్లున్నారు, ఆ ఊరి సంబంధమంటే జంకేవాళ్లూ ఉన్నారు. ఒళ్లు నొప్పులకు చాలామంది వెళ్లేది పెద్దాసుపత్రికి కాదు, పేరు పెట్టి పలకరించే ఆర్‌ఎంపీ దగ్గరికి. అక్కడిచ్చే నొప్పి మాత్రలు ఎక్కువైతే దెబ్బతినేది మళ్లీ కిడ్నీలే. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం నుంచి తాగునీటి పథకం ప్రారంభమయ్యాయి. అవి కావాలి. దాంతోపాటు, తీసుకెళ్లిన రక్తం ఫలితాన్ని ఆశా కార్యకర్త ఇంటికొచ్చి వివరంగా చెప్పాలి, నీటి పరీక్ష ఫలితం ప్రతి నెలా గ్రామ సచివాలయం గోడ మీద కనిపించాలి.