బీరువాకు అంటించిన తొమ్మిది నియమాలు

ప్రశ్న: నా వయసు 37. ఉప్పల్‌లో ఉంటాం. హైటెక్ సిటీలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఇంటికి చేరి, భోజనం చేసి పడుకునేసరికి రాత్రి పన్నెండవుతుంది. ఏటా జనవరి ఒకటిన, మళ్ళీ ఉగాదికి, నన్ను నేను మార్చుకోవాలని తొమ్మిది నియమాలు రాసి బీరువా తలుపుకు అంటిస్తాను: నాలుగున్నరకు లేవడం, గంటసేపు యోగా, ముప్ఫై పేజీలు చదవడం, ఇంగ్లీషులో మాట్లాడడం, కంప్యూటర్ కోర్సు, చక్కెర మానేయడం, ఫోన్ తగ్గించడం, బాబుకు లెక్కలు చెప్పడం, కోపం తెచ్చుకోకపోవడం. పది పన్నెండు రోజులకు మించి ఏదీ సాగదు. మా తోడల్లుడు ఇవన్నీ చేస్తూనే మేనేజరై కోకాపేటలో ఫ్లాటు కొన్నాడు. ఈసారి పట్టిక చింపేసిన రోజున బాబు లెక్కల నోట్సు కూడా విసిరికొట్టాను. వాడిప్పుడు పుస్తకం పట్టుకుని నా దగ్గరకు రావడం లేదు. నా భార్య ‘మళ్ళీ మొదలుపెట్టకండి’ అంటోంది. నాకు సంకల్పబలం లేదా? ఏ సూత్రాలు పాటిస్తే బాగుపడతాను?

జవాబు: మీరు చివర్లో, దాదాపు దాటవేస్తూ రాసిన నోట్సు సంగతే మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైనదని నాకనిపించింది. కోపం తెచ్చుకోకూడదన్నది ఒక నియమం, బాబుకు లెక్కలు చెప్పాలన్నది మరొకటి. పట్టిక తప్పిందన్న ఉక్రోషంలో ఆ రెండూ ఒకేసారి మంటగలిశాయి. కనుక కొత్త సూత్రాల కంటే ముందు ఆ పని చక్కదిద్దండి. బాబు పక్కన కూర్చుని, ‘ఆ రోజు నోట్సు విసిరేయడం నాది తప్పు నాన్నా, నువ్వు చేసిందేమీ లేదు’ అని చెప్పండి. దాని వెనకాలే ‘కానీ నువ్వు కూడా...’ అని మొదలుపెట్టకండి. వాడు వెంటనే పుస్తకం తెచ్చి మీ ముందు పెట్టకపోవచ్చు. పెట్టమని అడగకండి. వాడు చదువుకునే వేళకు మీరు ఇంట్లో ఉన్న రోజున, ఫోన్ అవతల పెట్టి ఆ గదిలోనే కూర్చోండి, చాలు.

ఇక సంకల్పబలం మాట. మీ ఉద్యోగపు గడువులను ఆ పట్టిక పక్కన పెట్టి చూశారా? నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసే సంస్థలకు సాధారణంగా 11వ తేదీ ఒక గడువు, 20వ తేదీ మరో గడువు. జనవరి ఒకటిన మొదలైన పట్టిక సరిగ్గా ఆ రోజుల్లోనే తెగిపోతోంది. ఉగాది మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తుంది. అప్పుడు మీ విభాగమంతా ఆర్థిక సంవత్సరపు లెక్కలు ముగించే హడావుడిలో ఉంటుంది. అంటే ఏడాది మొత్తంలో మీకు ఊపిరాడని రోజులనే మీరు ఏరి కోరి ముహూర్తంగా పెట్టుకుంటున్నారు. పైగా పన్నెండింటికి పడుకుని నాలుగున్నరకు లేస్తే నిద్ర నాలుగున్నర గంటలే. పెద్దవారికి కనీసం 7 గంటలు కావాలన్నది వైద్యుల మాట. నిద్ర చాలని మనిషికి కోపం ముక్కుమీదే ఉంటుంది కాబట్టి మీ మొదటి నియమమే తొమ్మిదో నియమాన్ని చెడగొడుతోంది. నాలుగున్నరకు లేవడాన్ని ఈ మధ్య ఒక వ్రతం చేసిపెట్టారు. మన వీధులు ఊడ్చే కార్మికులు, పాల ప్యాకెట్లు వేసే కుర్రవాళ్ళు అంతకంటే ముందే లేస్తున్నారు. వారి ఎదుగుదల మీద ఎవరూ వీడియోలు చేయడం లేదు.

ఆ తొమ్మిదింటినీ ఎదురుగా పెట్టుకుని ఒక్కొక్కదాన్నీ ఇలా అడగండి: మా తోడల్లుడు అనే మనిషే లేకపోతే నేను ఈ పని చేయాలనుకునేవాడినా? నిజాయితీగా కొట్టేస్తూ పోతే రెండో మూడో మిగులుతాయి. ఆయన ఫ్లాటు వెనుక ఏ అప్పు, ఎవరి సాయం, ఎంత అదృష్టం ఉన్నాయో మీకు పూర్తిగా తెలిసే అవకాశం లేదు. యోగా చేసినందుకే మేనేజరయ్యాడన్నది మీరు కట్టుకున్న కథ.

మిగిలినవాటిలో ఒక్కదానితోనే మొదలుపెట్టండి. ఉదాహరణకు చదవడం. ‘రోజూ చదువుతాను’ అన్న సంకల్పం కంటే ఎప్పుడు, ఎక్కడ, ఏ పని వెంబడి అని ముందే తేల్చుకున్న సంకల్పం ఎక్కువగా నిలుస్తుందని పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వవేత్త పరిశోధనలు చెబుతున్నాయి. మీరు మెట్రోలో వెళ్ళేవారైతే, రైలు నాగోల్‌లో బయలుదేరుతుంది కాబట్టి తర్వాతి స్టేషనైన ఉప్పల్‌లో సీటు దొరికే అవకాశం ఉంటుంది. అమీర్‌పేటలో ఎల్బీనగర్, మియాపూర్ రైళ్ళు దిగినవారంతా ఎక్కాక పుస్తకం విప్పడానికి చోటుండదు. కాబట్టి ఉప్పల్‌లో ఎక్కి కూర్చోగానే పుస్తకం తెరవడం, అమీర్‌పేట రాగానే మూసేయడం, ఇంతే నియమం. కొత్త పుస్తకాలు కొనకండి, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కావలసినన్ని ఉన్నాయి. ఎన్ని పేజీలన్నది నిర్ణయించేటప్పుడు మాత్రం ఉత్సాహంగా ఉన్న రోజును కాక, 20వ తేదీ ఉదయాన్ని కొలతగా తీసుకోండి. ఆ ఉదయం రెండు పేజీలే చదవగలరనుకుంటే మీ నియమం రెండు పేజీలే.

అలవాటు 21 రోజుల్లో కుదురుతుందని మీరూ వినే ఉంటారు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి 2009లో వెలువరించిన అధ్యయనంలో కొందరికి 18 రోజులు చాలితే, మరికొందరికి 254 రోజుల వరకూ పట్టవచ్చని, మధ్యస్థంగా 66 రోజులని తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టమేమీ కనబడలేదు. మీకు కావలసిన ముక్క ఇదే. ఆఫీసులో లెక్క తేలకపోతే తేడా ఎక్కడ వచ్చిందో వెతుకుతారు కానీ పుస్తకం చింపేయరు కదా; ఇంట్లో పట్టికను మాత్రం ఒక్క తప్పుకే చింపేస్తున్నారు.

మీ భార్య మాటను చిన్నచూపుగా తీసుకోకండి. పట్టిక తెగినప్పుడల్లా మీ ముభావాన్నీ విసుగునూ భరించేది ఆవిడే అయి ఉంటుంది. ‘నేను ఏ ఒక్కటి మార్చుకుంటే నీకు కాస్త తేలికగా ఉంటుంది?’ అని అడిగి, చెప్పింది పూర్తిగా వినండి, సంజాయిషీ ఇవ్వకండి. ఆ జవాబు మీ తొమ్మిదింటిలో ఉండకపోవచ్చు.

నిరాశ రెండు వారాలు దాటినా వదలకపోతే, నిద్ర, ఆకలి తగ్గిపోతే, బతుకు మీద విరక్తి కలిగితే మాత్రం దాన్ని సంకల్పలోపంగా చూడకండి, వైద్యుణ్ణి కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

కంప్యూటర్ కోర్సుకు ఇప్పుడే డబ్బు కట్టకండి. మార్చి లెక్కల పని తీరాక, మీ విభాగంలో నిజంగా ఏది అవసరమో పై అధికారిని అడిగి తెలుసుకుని, దాంట్లోనే చేరండి.