జనాన్ని అడిగే ముందు

అమ్మాయ్,

మీ ఫైర్ స్టేషన్‌లో రాత్రి షిఫ్టు తీసేసి, రాత్రిళ్లు ఆన్-కాల్ సిబ్బందితో (పిలిస్తే ఇళ్ల నుంచి వచ్చేవాళ్లతో) నడపాలన్న ప్రతిపాదన మీద ప్రజాభిప్రాయ సేకరణ నీ నెత్తిన పడిందని మీ అమ్మ చెప్పింది. నీలాగే ఇంగ్లండ్‌లోనే అదే పని చేసి రిటైరైనవాణ్ణి కదా, చెప్పకుండా ఉండలేను.

ముందు మీ చీఫ్ దగ్గరికెళ్లి, ఇది ఇంకా మారే అవకాశం ఉందా అని సూటిగా అడుగు. లేదంటే మొదలుపెట్టకు. అన్నీ ఖాయం చేసుకుని అభిప్రాయం అడగడం తాళి కట్టాక పెళ్లిచూపులు పెట్టినట్టుంటుంది. ఇది మర్యాదకు సంబంధించిన విషయమే కాదు, కోర్టుకెక్కే విషయం కూడా. 1985 నాటి గన్నింగ్ కేసు నుంచి ఇక్కడి జడ్జీలు చూసేవి నాలుగే: ప్రతిపాదన ఇంకా ముడిగా ఉండగానే అడిగారా, ఆలోచించి చెప్పడానికి సరిపడా కారణాలు ఇచ్చారా, తగినంత టైమ్ ఇచ్చారా, వచ్చిన జవాబుల్ని మనసుపెట్టి చూశారా. 2014లో లండన్‌లోని హేరింగే కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. అది కౌన్సిల్‌కి కట్టే ఇంటి పన్ను రాయితీ గొడవే అయినా మనకూ పాఠమే. వేరే దారులున్నా అవి లేవన్నట్టు రాశారని తప్పుపట్టింది. కాబట్టి మీరు వద్దనుకున్న ప్రత్యామ్నాయాలేంటో, ఎందుకు వద్దనుకున్నారో కాగితం మీద పెట్టు.

అసలు పనంతా ప్రశ్నాపత్రంలోనే ఉంది. "మా సేవలను మరింత సమర్థంగా, ఆధునికంగా మార్చడాన్ని మీరు సమర్థిస్తారా?" అని ఎవరో ఒకరు రాసిస్తారు. కాదనేవాడెవడు? ఆ ప్రశ్న కొట్టేసి ఇలా రాయి: "రాత్రి స్టేషన్‌లో సిబ్బంది ఉండరు. పేజర్ మోగాక ఇళ్ల నుంచి వచ్చి బండి ఎక్కుతారు. అందువల్ల బండి బయల్దేరడానికి ఇన్ని నిమిషాలు ఎక్కువ పడుతుంది. దీనివల్ల మీకు వచ్చే ఇబ్బంది ఏమిటి?" చదవగానే టెన్షన్ పుడుతుంది, పుట్టనీ. నిజం అదే కదా.

సగటు లెక్కలతో జాగ్రత్త. ప్రాంతం మొత్తం మీద అర నిమిషమే తేడా అని చెప్పడం తప్పు కాకపోవచ్చు. కానీ స్టేషన్‌కి దూరంగా, ఊరి చివర ఉన్నామెకు కావాల్సింది తన వీధి లెక్క. మ్యాప్ వేసి, ఇప్పుడు ఎంత, రేపు ఎంత అని చూపించు. రెండో బండి టైమ్ కూడా వేయి. లండన్‌లో మొదటి బండికి సగటున 6 నిమిషాలు, రెండోదానికి 8 నిమిషాలు అని విడివిడిగా లక్ష్యాలున్నాయి. ఇల్లు తగలబడుతుంటే ఒక్క బండి మనుషులు చాలరు మరి. మనవాళ్లు ఎప్పుడూ మొదటి బండి గురించే మాట్లాడి రెండోదాన్ని మింగేస్తారు.

స్టేషన్ సిబ్బందికి పేపర్లో చదివే గతి పట్టించకు. ముందు వాళ్లకి, యూనియన్‌కి చెప్పు. మీటింగుల్లో గొంతు పెద్దగా ఉన్నవాళ్లు ఎలాగూ మాట్లాడతారు. మంటల్లో ఎక్కువగా చనిపోయేది ఒంటరిగా ఉండే ముసలివాళ్లు, కదల్లేనివాళ్లు. వాళ్లు హాలుకి రారు. ఇంటికెళ్లి స్మోక్ అలారం బిగించే మీ సిబ్బంది చేతికే ప్రశ్నాపత్రాలు ఇచ్చి పంపు.

ఇది ఓటింగు కాదని మొదటి పేజీలోనే రాయి. నిర్ణయించేది ఫైర్ అథారిటీ, అంటే ఫైర్ సర్వీసు మీద ఉండే పాలక మండలి. అలాగని అడగడం వృథా అనుకోకు. 2013లో లండన్‌లో 12 స్టేషన్లు మూస్తామన్నారు. జనం భగ్గుమన్నారు, కొన్ని కౌన్సిళ్లు హైకోర్టుకెళ్లి ఓడిపోయాయి. 2014 జనవరి 9న 10 స్టేషన్లు మూతపడ్డాయి. కానీ క్లాఫమ్, న్యూ క్రాస్ స్టేషన్లు మిగిలాయి. ఆ రెండు చోట్లా ఉన్నవాళ్లని అడుగు, వృథా అంటారేమో.

గడువు 12 వారాలు పెట్టు. చట్టంలో ఆ అంకె లేదు గానీ, అంతకన్నా తగ్గిస్తే ఎందుకని అడుగుతారు. అందులో క్రిస్మస్ పడకుండా, మేలో స్థానిక ఎన్నికల ముందు రోజులు పడకుండా చూసుకో. తేదీలు ఖాయం చేసేలోపు ప్రశ్నాపత్రం ముసాయిదా నాకు పంపు. ఎర్ర పెన్ను ఇంకా పారేయలేదు.

ఆశీస్సులతో,
బాబాయి